ఖాళీ గడిని ఖాళీగానే ఉండనివ్వండి

తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,
హసన్‌పర్తి నుంచి ఒక విశ్రాంత నర్సింగ్ ట్యూటర్ రాస్తున్న బహిరంగ లేఖ



మీకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం బిల్డింగుల గురించో, మందుల కొరత గురించో, బదిలీల గురించో ఉంటాయని నాకు తెలుసు. నేను రాస్తున్నది ఒక చార్టులోని చిన్న గడి గురించి. తీరిక చేసుకుని చదవమని కోరుతున్నాను.

సర్కారుదైనా ప్రైవేటుదైనా సరే, ఏదో ఒక దవాఖాన జనరల్ వార్డులోకి చెప్పకుండా వెళ్లి, మంచం దగ్గరున్న టీపీఆర్ చార్టు తీసి చూడండి. టెంపరేచర్, పల్సు, రెస్పిరేషన్. మూడో వరుస మీద వేలు పెట్టి కిందికి రండి. పొద్దున 20, మధ్యాహ్నం 20, రాత్రి 20. పక్క మంచానికి పోండి, అక్కడా 20 ఉండే అవకాశమే ఎక్కువ. పడుకుంటే ఊపిరాడక దిండ్లకు ఆనుకుని కూచున్న ముసలాయనకూ 20, హెర్నియా ఆపరేషన్ అయి రేపు ఇంటికి పోయే పిల్లగానికీ 20. ఇంతమంది ఒకే లెక్కన ఊపిరి పీల్చడం సాధ్యమా? ఎవరూ లెక్కపెట్టలేదు, అలవాటుగా వేసేశారు.

ఈ జబ్బు మన రాష్ట్రానిదొక్కటే అనుకోకండి. అందరూ పట్టించుకోకుండా వదిలేసిన కొలత ఊపిరి లెక్కేనని 2008లో ఆస్ట్రేలియా వైద్య పత్రికలోనూ వ్యాసం వచ్చింది. కాబట్టి సిగ్గుపడి దాచుకోవాల్సిన పని లేదు, సరిదిద్దుకుంటే చాలు.

ఇది చదవగానే "చూశారా, నర్సులు పని ఎగ్గొడుతున్నారు" అనే వాళ్లుంటారు. వాళ్లకు ఒక మాట. ఇరవై వేసిన సిస్టర్‌ను ఇప్పటిదాకా ఎవరూ నిలదీసింది లేదు. గడి ఖాళీగా వదిలిన సిస్టర్‌ను మాత్రం హెడ్ నర్సు అడుగుతుంది, సూపరింటెండెంట్ అడుగుతుంది, ఎన్‌క్వాస్ (జాతీయ నాణ్యతా ప్రమాణాల) తనిఖీకి వచ్చిన బృందం అడుగుతుంది. తనిఖీ రేపనగా సాయంత్రం పాత చార్టుల ముందు కూర్చుని ఏం చేస్తారో వార్డు డ్యూటీ చేసిన ఎవరినైనా అడగండి. ఒకే పెన్ను, ఒకే చేతిరాత, పది రోజుల అంకెలు. చార్టు నిండుగా ఉందని మార్కులు కూడా పడతాయి. మనం పెట్టుకున్న పద్ధతిలో ఖాళీ వదిలితే మెమో, అబద్ధం రాస్తే శభాష్.

నా విన్నపమంతా ఇక్కడే ఉంది. కొలవలేకపోయిన చోట గడిని ఖాళీగా వదిలే హక్కు నర్సుకు ఇవ్వండి. మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

ఊపిరి లెక్కే ఎందుకు పట్టుకున్నానో చెప్తాను. పెద్దవాళ్లు నిదానంగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. న్యుమోనియా ముదురుతున్నప్పుడు, ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకినప్పుడు, షుగర్ పేషెంటుకు కీటోన్లు పెరిగినప్పుడు చాలాసార్లు బీపీ పడిపోవడం కంటే ముందే ఊపిరి వేగం పెరుగుతుంది. వేలికి తగిలించిన పల్స్ ఆక్సీమీటర్ అప్పటికింకా 95 చూపిస్తూ ఉండవచ్చు. ఆ 95 నిలబెట్టడానికే ఒళ్లు అంత ఆయాసపడుతోందని మిషన్ చెప్పదు. పక్కన నిలబడ్డ మనిషి చూడాలి.

చూడటానికీ ఒక తీరుంది. "నీ ఊపిరి లెక్కపెడుతున్నాను" అంటే రోగి ఊపిరి మార్చేస్తాడు. అందుకే పల్సు చూస్తున్నట్టు మణికట్టు మీదే వేళ్లు ఉంచి, కళ్లు మాత్రం ఛాతీ మీదికి తిప్పాలి. చీర కొంగు, దుప్పటి అడ్డమైతే ఆమె చేతినే ఆమె పొట్ట మీద పెట్టి, ఆ చెయ్యి లేచి పడటాన్ని లెక్కపెట్టాలి. సెకన్ల ముల్లున్న గడియారంతో నిండుగా ఒక నిమిషం. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించే అడ్డదారి ఒకటి ఉంది. ఆ లెక్కలో 16, 20, 24 తప్ప మధ్య అంకెలు పుట్టవు. ఒక్క ఊపిరి అటూ ఇటూ అయితే నాలుగు తేడా వస్తుంది.

ఆ నాలుగు తేడాకు ఎంత విలువుందో బ్రిటన్ చార్టు చూస్తే అర్థమవుతుంది. అక్కడి రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో న్యూస్ అనే స్కోరు పెట్టింది, 2017లో సవరించింది. ఊపిరి, ఆక్సిజన్ శాతం, ఆక్సిజన్ పెట్టారా లేదా, పై బీపీ, పల్సు, స్పృహ, జ్వరం, ఒక్కోదానికి పాయింట్లు. ఊపిరి 12 నుంచి 20 ఉంటే సున్నా. 21 నుంచి 24 ఉంటే 2. 25, ఆపైన ఉంటే 3. ఏ ఒక్కదాంట్లో 3 వచ్చినా అత్యవసరంగా మనిషి వచ్చి చూడాలి, మొత్తం 7 గానీ, ఆపైన గానీ వస్తే ఎమర్జెన్సీ. ఇప్పుడు 26 ఉన్న రోగికి చెయ్యి తిరిగిన అలవాటుతో 20 వేశామనుకోండి. మూడు పాయింట్లు మాయం. డాక్టరును పిలవాల్సిన అవసరమే కాగితం మీద లేకుండా పోయింది.

నేను పాఠాలు చెప్పే రోజుల్లో పిల్లలను వార్డు పోస్టింగుకు తీసుకెళ్లినప్పుడు జరిగింది ఒకటి చెప్తాను. దవాఖాన పేరు అక్కర్లేదు. జ్వరంతో చేరిన ఒక పెద్దాయన మంచం దగ్గర సెకండియర్ అమ్మాయి నిలబడి లెక్కపెట్టి 32 అని రాసింది. పైనున్న మూడు షిఫ్టుల్లోనూ 20 ఉంది. ఆ పిల్ల భయపడి, "మేడమ్, నేనే తప్పు లెక్కపెట్టినట్టున్నాను, ఇరవై వేసేయనా?" అని అడిగింది. మళ్లీ లెక్కపెట్టమన్నాను. ఈసారి 33. డ్యూటీ డాక్టరుకు చెప్పాం, ఎక్స్‌రే తీయించారు, న్యుమోనియా. నాకు ఇప్పటికీ కలవరం కలిగించేది ఆ అమ్మాయి మొదటి ప్రశ్నే. కళ్లతో చూసిన దాన్ని పక్కన పెట్టి, కాగితం మీదున్న దాన్ని నమ్మడానికి ఆమె సిద్ధపడింది. అది ఎవరో కూర్చోబెట్టి నేర్పిన పాఠం కాదు, వార్డులో నాలుగు రోజులు తిరిగితే వచ్చే చదువు.

ఊపిరి లెక్కపెట్టడం పెద్ద చదువుల వ్యవహారమేమీ కాదండీ. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40 గానీ, ఆ పైన గానీ ఉంటే ప్రమాదమని మన ఏఎన్‌ఎంలకు ఎప్పటినుంచో శిక్షణ ఇస్తున్నారు. పసిగుడ్డును చూడటానికి ఇంటికి వెళ్లే ఆశా కార్యకర్తకు ఇచ్చిన కిట్‌లో గడియారం అందుకే పెట్టారు. ప్రాణహిత దాటితే వచ్చే గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు అంకెలు సరిగా రాని మంత్రసానులు కూడా ఊపిరి లెక్కపెట్టేలా పూసలతో ఒక పరికరం చేయించారు. అదే జిల్లాలో పల్లె ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నవజాత శిశువులను చూసుకున్న ఊళ్లలో నవజాత శిశు మరణాలు పక్క ఊళ్లతో పోలిస్తే 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. ఆ ఫలితంలో ఊపిరి లెక్కది ఒక వాటా మాత్రమే, ఇంకా చాలా చేశారు. అయినా అడవి అంచు పల్లెలో కుదిరిన పని బోధనాసుపత్రి వార్డులో కుదరదనడం ఎట్లా?

రాసిన కాగితం ఎంత దూరం పోతుందో వరంగల్ వాళ్లకు వేరే చెప్పనవసరం లేదు. 1997 నుంచి 2002 వరకు మా పెద్ద దవాఖానకు, అంటే ఎంజీఎంకు, పురుగుల మందు కేసులు 8,040 వచ్చాయి. నూటికి 22.6 మంది బతకలేదు. 2002 కేసులను విడిగా చూస్తే మూడింట రెండు వంతుల మంది ముప్ఫై ఏళ్ల లోపు వాళ్లు. మందు పేరు తెలిసిన మరణాల్లో ఎక్కువ భాగం మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ వల్లనే. ఈ సంగతులు 2005లో ఒక అంతర్జాతీయ వైద్య పత్రికలో వచ్చాయి. పత్తి రైతుల చావుల గురించి అప్పటికే ఎన్నో ఉపన్యాసాలు విన్నాం. ఏ మందు ఎంతమందిని తీసుకుపోతోందో చెప్పింది మాత్రం ఇక్కడి దవాఖాన లెక్కలు. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో ఆపించింది.

ఆ కేసుల్లో రాత్రంతా మంచం పక్కన జరిగేది ఏమిటనుకున్నారు? అట్రోపిన్ ఎక్కిస్తూ ఐదు సంగతులు చూస్తుండాలి. చంకలో చెమట ఆరిందా? సూదిమొనలా ముడుచుకున్న కంటిపాప విచ్చుకుందా? ఛాతీలో గురగుర పోయిందా? పల్సు 80 దాటిందా? పై బీపీ 80 దాటిందా? మోతాదు ఎక్కువైతే ఒళ్లు కాలిపోతుంది, రోగి పిచ్చిమాటలు మాట్లాడతాడు, పొట్ట మీద స్టెతస్కోపు పెడితే పేగుల చప్పుడు వినిపించదు. ఇందులో చాలావరకు చేయి, కన్ను, చెవి చేసే పని. గంట గంటకూ రాసిన ఆ వరుస నిజమైతేనే పొద్దున రౌండ్సుకు వచ్చిన డాక్టరు మోతాదు తగ్గించాలో పెంచాలో తేల్చుకోగలడు.

వార్డు నుంచి ఊళ్లోకి వస్తాను. ముప్ఫై దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్ చూసే కార్యక్రమం మంచిది. 2017లో దేశంలో బీపీ అదుపు కార్యక్రమాన్ని మొదలుపెట్టిన ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి కావడం నాకు గర్వమే. కానీ క్యాంపులో ఒక పూట నిలబడి చూడండి. పొలం నుంచి వడివడిగా నడిచొచ్చిన అవ్వ, దారిలో చాయ్ తాగి, నోట్లో తంబాకు పెట్టుకుని, లైన్లో నిలబడి నిలబడి, వంతు రాగానే వీపు ఆనించుకోవడానికి ఏమీ లేని స్టూలు మీద కూర్చుంటుంది. రవికె చెయ్యి బిగుతు, పైకి లాగితే కట్టు కట్టినట్టవుతుంది, లాగకపోతే బట్ట మీదే పట్టీ. చెయ్యి కిందికి వేలాడుతుంటుంది. పట్టీ చుట్టి గాలి కొడుతుండగా పక్కనున్నామె, "మీ కోడలు కాన్పయిందా అవ్వా?" అంటుంది, అవ్వ మొత్తం కథ చెప్తుంది. వచ్చిన అంకె 158/94. అవ్వకు బీపీ ఉన్నట్టు రిజిస్టర్ అయిపోయింది.

ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపు, పాదాలు ఆనించి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టించి, మాట్లాడనీయకుండా, చెయ్యికి సరిపోయే పట్టీతో చూస్తే అది 138 కావచ్చు, 158గానే ఉండవచ్చు. తెలుసుకునే దారి మాత్రం మూసేశాం. చెయ్యి వేలాడినా, పట్టీ చిన్నదైనా, మాట్లాడినా అంకె పైకే పోతుంది. ఉన్న బీపీ తప్పిపోవడం ఒక నష్టం, లేని బీపీకి జన్మంతా గోలీలు మింగడం ఇంకో నష్టం. ఇంతకీ ఆ క్యాంపులో పెద్ద సైజు పట్టీ ఒక్కటి కూడా లేదు, వీపు ఆనే కుర్చీ ఒక్కటీ లేదు. ఒక కుర్చీ ఎంతవుతుందండీ?

ఇంకో సంగతి మా పాఠ్యపుస్తకాలది. పాలిపోయిన చర్మం, నీలిరంగు పెదవులు, ఎర్రబారిన వీపు అని పుస్తకాల్లో రాసింది ఎక్కువగా తెల్లవాళ్ల ఒంటిని చూసి రాసింది. మన చామనఛాయ, నల్లని ఒళ్ల మీద ఆ ఎరుపు సులువుగా కనపడదు. రక్తహీనతకు కింది కనురెప్ప లాగి, అరచేతి గీతలు చూసి పోల్చుకోవాలి. మంచం పుండు మొదలవుతుందా అన్నది వెన్నుపూస కింద, మడమల దగ్గర చెయ్యి పెట్టి, వేడిగా ఉందా, గట్టిపడిందా అని తడిమి తెలుసుకోవాలి. ఆక్సీమీటర్ కూడా నల్లవాళ్లలో ఉన్నదానికంటే ఎక్కువ చూపించే సందర్భాలున్నాయని 2020లో అమెరికాలో తేలింది. రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉన్న చోట ఇది చిన్న విషయం కాదు. చామనఛాయ ఒంటి మీద పరీక్ష ఎలా చేయాలో తెలుగులో ఒక బొమ్మల పుస్తకం మీ శాఖ వేయిస్తే బాగుండు.

ఇక మనుషుల లెక్క. ఒక్కో రోగి దగ్గర జ్వరం, పల్సు, నిమిషం పాటు ఊపిరి, బీపీ, ఆక్సిజన్ చూసి రాయడానికి నాలుగు నిమిషాలనుకోండి. నలభై మంది ఉన్న వార్డులో రాత్రి ఒక్కతే ఉంటే అది 160 నిమిషాలు, ఒక్క రౌండుకు. ఇంజెక్షన్లు, సెలైన్లు, కొత్త అడ్మిషన్లు, అటెండెంట్ల గొడవలు విడిగా. భారత నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒకరు, సాధారణ దవాఖానలో ఐదుగురికి ఒకరు ఉండాలి. 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో 6,956 మందికి ఒకేసారి నియామక పత్రాలు ఇచ్చారు. మంచి పని చేశారు. స్టాఫ్ నర్సు అన్న పేరును నర్సింగ్ ఆఫీసర్ అని అంతకుముందే మార్చారు, అదీ సంతోషమే. కానీ ఆఫీసర్ అన్న పేరు వచ్చాక కూడా "కొలవడానికి తీరిక దొరకలేదు" అని నిజం రాసే అధికారం ఆమెకు రాలేదు.

చదువు సంగతి కొద్దిగా. 2021లో వచ్చిన కొత్త బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లో హెల్త్ అసెస్‌మెంట్ మాడ్యూల్ తప్పనిసరి అయింది. కానీ మన వరంగల్‌లోనే ఉన్న కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలో గానీ, జీఎన్‌ఎం డిప్లొమాలో గానీ, పిల్లలు రాసే ప్రాక్టికల్ రికార్డులు సీనియర్ల రికార్డుల నుంచి ఎన్ని దిగుతాయో నాబోటి ట్యూటర్లందరికీ తెలుసు. రంగు పెన్నులతో గీతలు గీసి, అట్ట వేసి తెస్తే మార్కులు. అదే పిల్ల బ్రిటన్ పోవాలంటే అక్కడి పరీక్షలో పరీక్షకుడి ముందు నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టి చూపించాలి, దానికోసం కోచింగ్ తీసుకుంటుంది, నేర్చుకుంటుంది. అంటే మన పిల్లలకు చేతకాక కాదు. రాష్ట్ర ప్రభుత్వ విదేశీ ఉద్యోగాల సంస్థ టామ్‌కామ్ ద్వారా జర్మనీకి, జపాన్‌కు మన నర్సులను పంపుతున్నందుకు నాకు అభ్యంతరం లేదు. వాళ్లు అక్కడికి పోయేముందు నేర్చుకునే నిమిషాన్ని ఇక్కడి రోగికి కూడా ఇప్పించమంటున్నాను.

మీ ప్రభుత్వం డిజిటల్ హెల్త్ కార్డుల మాట చెప్తోంది. అంతకుముందు 2022 మార్చిలో మా పక్కనే ములుగులో, రాజన్న సిరిసిల్లలో ఇంటింటికీ తిరిగి హెల్త్ ప్రొఫైల్ తీశారు. మంచి ఆలోచన. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. కాగితం మీది అబద్ధం రోగి డిశ్చార్జ్ అయ్యాక మూలన పడుతుంది. కంప్యూటర్లోకి ఎక్కిన అబద్ధం ఆ మనిషిని జీవితాంతం వెంటాడుతుంది. పైగా గడి నింపకపోతే తర్వాతి పేజీకి పోనివ్వని సాఫ్ట్‌వేర్ ఒకటి తెచ్చిపెడితే, ఇరవై వేయడం ఇక అలవాటుగా కూడా మిగలదు, ఆజ్ఞ అవుతుంది.

అందుకని అడిగేది ఇంతే. చార్టులో గానీ, ట్యాబ్‌లో గానీ "కొలవలేదు, కారణం" అని రాసే వీలుండాలి. అలా రాసినందుకు ఏ సిస్టర్‌కూ మెమో ఇవ్వకూడదని ఉత్తర్వు రావాలి. ఆ కారణాలను నెలకోసారి సూపరింటెండెంట్ కూడికలు వేసి పైకి పంపాలి. అప్పుడు ఏ వార్డులో రాత్రి మనిషి చాలడం లేదో, ఎక్కడ బీపీ మిషన్ పాడై ఉందో మీకు తనిఖీ బృందాలు లేకుండానే తెలుస్తుంది. తనిఖీకి వచ్చినవాళ్లు చార్టు నిండుగా ఉందా అని చూడటం మాని, ఏదో ఒక మంచం దగ్గర నిలబడి తామే ఒక నిమిషం లెక్కపెట్టి, చార్టులో ఉన్నదానితో సరిచూడాలి. ప్రతి వార్డుకూ సెకన్ల ముల్లున్న గోడ గడియారం, మూడు సైజుల బీపీ పట్టీలు ఇప్పించాలి. ప్రాక్టికల్ పరీక్షలో రికార్డుకు మార్కులు తగ్గించి, మంచం దగ్గర చేసి చూపించే పనికి పెంచమని విశ్వవిద్యాలయానికి చెప్పాలి.

ఇందులో కోట్లు ఖర్చయ్యేది ఏదీ లేదు. మొదటి ఉత్తర్వు ఒక్క పేజీ. రాష్ట్రమంతా ఒకేసారి వద్దనుకుంటే మా హసన్‌పర్తి మండలంతోనే మొదలుపెట్టండి. మొదటి మూడు నెలల చార్టులు ఉచితంగా కూర్చుని చూసిపెట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను, నాలాగే రిటైరైన సిస్టర్లు ఈ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. కబురు పెట్టండి, వస్తాం.

ఇట్లు
విశ్రాంత నర్సింగ్ ట్యూటర్
హసన్‌పర్తి, హనుమకొండ జిల్లా